చీపురు పట్టిన చేతికి యజమాని ఎవరు?

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చాయి. సమ్మె హక్కుపై ఆంక్షలు, పని గంటలు, ఉద్యోగుల తొలగింపు నిబంధనల సడలింపు వంటి అంశాలపై చర్చ సాగింది. కానీ వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోని ఒక నిర్వచనం గురించి దళిత ఉద్యమాలు, విద్యార్థి సంఘాలు మాట్లాడవలసినంతగా మాట్లాడలేదని నా అభిప్రాయం. అది 'కీలక కార్యకలాపం' అనే మాటకు ఇచ్చిన నిర్వచనం.

ఈ కోడ్‌లోని 57వ సెక్షన్ ప్రకారం సంస్థలు తమ కీలక కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను నియమించరాదు. వినడానికి ఇది కార్మికులకు మేలు చేసేదే. అయితే సంస్థ వాటి కోసమే ఏర్పడితే తప్ప ఏయే పనులు కీలకం కావో చెప్పే జాబితా కూడా చట్టంలోనే ఉంది. అందులో మొట్టమొదటిది పారిశుద్ధ్యం: ఊడ్చడం, శుభ్రపరచడం, చెత్త సేకరించి తొలగించడం. కాపలా, క్యాంటీన్, సరుకుల ఎగుమతి దిగుమతి, తోటపని, హౌస్‌కీపింగ్, లాండ్రీ ఆ తర్వాత వస్తాయి. జాబితాలో ఏ కులం పేరూ లేదు. కానీ ఈ పనులు ఎవరి భుజాల మీద ఉన్నాయో ప్రభుత్వ లెక్కలే చెబుతాయి. 'నమస్తే' పథకం కింద 29 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో నమోదైన సుమారు 38 వేల మంది మురుగుకాల్వ, సెప్టిక్ ట్యాంక్ కార్మికుల్లో 68.9 శాతం ఎస్సీలు, 14.7 శాతం ఓబీసీలు, 8.3 శాతం ఎస్టీలని 2024లో వెల్లడైంది.

పాత చట్టం అడిగిన ప్రశ్న వేరు. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలోని 10వ సెక్షన్ కింద ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించాలంటే, ఆ పని ఏడాది పొడవునా నిరంతరం ఉండేదా, కాదా అన్నది ప్రభుత్వం చూడాలి. ఆ ప్రశ్నకు ఊడ్చేవారి దగ్గర తిరుగులేని జవాబు ఉంది. వీధి ప్రతిరోజూ మురికి అవుతుంది, ప్రతిరోజూ ఊడ్వాలి. కొత్త చట్టం పని ఎంత నిరంతరమైనదని అడగడం మాని, ఎంత ముఖ్యమైనదని అడుగుతోంది. ఏ పని ముఖ్యం, ఏ పని అల్పం అన్న తూకం ఈ దేశంలో కులం చేతుల్లో ఉంది. పాత చట్టం కార్మికునికి ఇచ్చిన జవాబును కొత్త చట్టం ఈ విధంగా లాక్కుంది.

ఈ క్రమం ఇప్పుడే మొదలు కాలేదు. తన పరిధిలోని సంస్థల భవనాలను ఊడ్చే, శుభ్రపరిచే, కాపలా కాసే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని నిషేధిస్తూ కేంద్రం 1976 డిసెంబర్ 9న ఉత్తర్వు ఇచ్చింది. కాంట్రాక్టు రద్దయితే కార్మికులు ప్రధాన యజమాని ఉద్యోగులే అవుతారని 1996లో ఎయిరిండియా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ప్రధాన తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి, 1976 నాటి ఉత్తర్వునూ కొట్టివేసింది. నాటి నుంచి కాంట్రాక్టు రద్దు కావడమంటే కార్మికునికి ఉన్న పని కూడా పోవడమే అయింది.

యజమాని అదృశ్యమైతే ఏమవుతుందో మరణాలు చెబుతాయి. 2022, 2023 సంవత్సరాల్లో మురుగుకాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో జరిగిన 54 మరణాలపై సామాజిక న్యాయ శాఖ సోషల్ ఆడిట్ చేయించింది. మృతుల్లో 38 మంది విడిగా, వ్యక్తిగతంగా కుదుర్చుకున్నవారు. ప్రభుత్వ జీతపు పట్టీలో ఉన్నవారు ఐదుగురే. మరణానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో 30 లక్షల రూపాయలకు పెంచింది. కానీ చనిపోయిన మనిషి తన పనివాడే కాదనగల వెసులుబాటు ఉన్నచోట ఆ కుటుంబం ఎవరి తలుపు తట్టాలి?

రిజర్వేషన్ల కోణం కూడా ఉంది. మున్సిపాలిటీలో శాశ్వత పారిశుద్ధ్య ఉద్యోగమంటే నెల జీతం, పింఛను, కారుణ్య నియామకం. ఆ భరోసాతో పిల్లలను కాలేజీ దాకా చదివించుకున్న దళిత కుటుంబాలు మన పట్టణాల్లో ఎన్నో ఉన్నాయి. అదే పని ఔట్‌సోర్సింగ్‌లోకి పోగానే నిచ్చెన పోయింది, చీపురు మాత్రం మిగిలింది. మా విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ గురించి పాఠం చెప్పే గదిని ఊడ్చే మహిళ మెడలోనూ ఏజెన్సీ కార్డే ఉంటుంది.

యజమానుల వాదనను తోసిపుచ్చకుండా పరిశీలించాలి. మున్సిపాలిటీల ఆదాయం తక్కువ, జీతాల భారం ఎక్కువ అన్నది నిజం. పని హెచ్చుతగ్గులను బట్టి మనుషులను సర్దుకునే స్వేచ్ఛ ఏ సంస్థకైనా అవసరమే. అయితే పండుగలకో వరదలకో తప్ప పారిశుద్ధ్యంలో అలాంటి హెచ్చుతగ్గులు లేవు. పైగా పొదుపు భారమంతా ఇంజనీరు మీద, ఆరోగ్యాధికారి మీద పడకుండా చీపురు పట్టినవారి మీదే ఎందుకు పడుతోంది? ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన ఆప్కాస్ ప్రైవేటు ఏజెన్సీల దళారీతనాన్ని తొలగించింది, అది మేలే. అయినా కార్మికునికీ మున్సిపాలిటీకీ మధ్య మరో సంస్థ నిలిచే ఉంది. క్రమబద్ధీకరణ, సమాన పనికి సమాన వేతనం కోరుతూ 2023 డిసెంబర్ చివరలో ఆ రాష్ట్ర మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగింది అందుకే.

కొత్త చట్టంలోనూ ఒక దారి ఉంది. సంస్థ ఆ పని కోసమే ఏర్పడి ఉంటే అది కీలకమే. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణ మున్సిపాలిటీల బాధ్యతల్లో ఉన్నాయని రాజ్యాంగం 12వ షెడ్యూలు చెబుతోంది. కాబట్టి ఆసుపత్రికో ఐటీ కంపెనీకో ఊడ్చడం కీలకం కాదన్నా, మున్సిపాలిటీ ఆ మాట అనజాలదు. అయితే సాధారణంగా కాంట్రాక్టర్ల ద్వారా జరిగే పనికి అదే సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. అంటే మూడు దశాబ్దాల అన్యాయాన్నే ఆనవాయితీగా చూపి దాన్ని కొనసాగించవచ్చు. ఈ మెలికపైనే పోరాడాలి.

మున్సిపాలిటీల విషయంలో నిర్ణయం రాష్ట్రాలదే. ఒక పని కీలకమా కాదా అన్న వివాదం వస్తే బాధితులు ప్రభుత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. మున్సిపల్ పారిశుద్ధ్యం కీలక కార్యకలాపమేనని, ఆనవాయితీ మినహాయింపు దానికి వర్తించదని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ప్రకటించాలి. కార్మిక సంఘాలు ఆ దరఖాస్తులు వేయాలి. న్యాయశాస్త్ర విద్యార్థులు వారి పక్కన కూర్చుని వాటిని రాయాలి. కార్మికుల కాళ్లు కడిగి ఫొటోలు దిగే పాలకులను అడగవలసింది ఒక్కటే: వారి నియామక పత్రం మీద ఎవరి సంతకం ఉంటుంది?