ఆ సంతకం ఇష్టపూర్వకమేనా?

పరాయి దేశపు యుద్ధంలో మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రష్యా సైన్యంలో చేరిన భారతీయులు 126 మంది అని, వారిలో 96 మంది తిరిగి వచ్చారని, 12 మంది మరణించారని, 16 మంది జాడ తెలియడం లేదని మన విదేశాంగ శాఖ 2025 జనవరిలో ప్రకటించింది. మృతుల్లో హైదరాబాదు యువకుడొకరు కూడా ఉన్నారు. "ఇష్టపడే వెళ్లారు, సంతకాలు చేశారు, ఇక ఎవరేం చేస్తారు?" అని రచ్చబండల దగ్గర కొందరు తేలికగా అనేస్తున్నారు. ఈ మాట సరికాదు.

ఇష్టపడి వెళ్లడమంటే ఏమిటో చరిత్రలో ఉంది. 1936లో స్పెయిన్ ప్రజాప్రభుత్వంపై జనరల్ ఫ్రాంకో తిరగబడినప్పుడు, ఆ ప్రభుత్వం పక్షాన పోరాడేందుకు 50కి పైగా దేశాల నుంచి సుమారు 35 వేల మంది వెళ్లారు. నాగపూరుకు చెందిన గోపాల్ ముకుంద్ హుద్దార్ జాన్ స్మిత్ అనే మారుపేరుతో పోరాడి శత్రువులకు బందీగా చిక్కారు. ఎవరి కోసం పోరాడుతున్నదీ, ప్రాణం పోవచ్చుననేదీ తెలిసే వారు వెళ్లారు. అందుకే వారిలో బతికున్నవారికి పౌరసత్వం ఇస్తామని స్పెయిన్ 1996లో ముందుకు వచ్చింది. 2022లో ఉక్రెయిన్ పిలుపు విని వెళ్లిన విదేశీయుల్లోనూ అటువంటివారు ఉన్నారు. వారి పక్షం మనకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. నిర్ణయం మాత్రం వారిదే.

మన కుర్రాళ్ల సంగతి వేరు. మంచి ఉద్యోగం, పెద్ద జీతం అని ఏజెంట్లు, సెల్‌ఫోను వీడియోలు ఊరించాయి. తీరా అక్కడ దిగాక పాస్‌పోర్టులు లాక్కుని, యుద్ధ శిక్షణ ఇచ్చి, ఇష్టానికి విరుద్ధంగా ముందువరుసకు పంపారని 2024 మార్చిలో కేసు పెట్టిన సి.బి.ఐ. వెల్లడించింది. చదవరాని భాషలోని కాగితంపై పెట్టిన సంతకం ఇష్టపూర్వకం ఎలా అవుతుంది? తెలిసీ డబ్బుకోసం వెళ్లినవారు కొందరు ఉండవచ్చు. అయితే పొలం తాకట్టు పెట్టి ఏజెంటుకు లక్షలు కట్టినవాడికి వెనక్కు వచ్చే దారి ఎక్కడిది? గల్ఫు వీసాల పేరిట మోసపోయిన మన పల్లెలకు ఈ బాధ కొత్త కాదు.

చట్టాలు లేక కాదు. విదేశీ సైన్యాలకు ఇక్కడ మనుషులను చేర్చడాన్ని అడ్డుకునే అధికారం ప్రభుత్వానికి 1874లోనే వచ్చింది. ప్రభుత్వ నమోదు లేనివారు విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపరాదని 1983 నాటి వలస చట్టం చెబుతోంది. రష్యా సైన్యంలో చేరవద్దని 2025 సెప్టెంబరులో విదేశాంగ శాఖ మళ్లీ హెచ్చరించవలసి వచ్చిందంటే, ఏజెంట్ల మాట పల్లెకు చేరినంత త్వరగా ప్రభుత్వం మాట చేరడం లేదన్నమాట.

కనుక ఆ హెచ్చరికను తెలుగులో ప్రతి పంచాయతీలో దండోరా వేయించాలి. నమోదైన ఏజెంట్ల జాబితాను మండల కార్యాలయంలో అంటించాలి. తల్లిదండ్రులు కూడా అప్పు తెచ్చే ముందే ఏజెంటు నమోదు సంఖ్య అడగాలి, ఒప్పందం కాగితాన్ని తెలిసినవారితో చదివించుకోవాలి. కొడుకు శవపేటిక కోసం విమానాశ్రయంలో ఎదురుచూడటం కంటే, ఏజెంటును నాలుగు ప్రశ్నలడిగి అతనికి కోపం తెప్పించడం మేలు.