డ్రైవరు స్వతంత్రుడా? నౌకరా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బస్తీలలో బస్సు దిగిన బాటసారిని మొదట పలుకరించువారు ఆటో డ్రైవర్లు. ఈ సీమనుండి హైదరాబాదు చేరి అద్దెకార్లు నడుపు యువకులును గలరు. ఎవరి కొలువులో నున్నావని యడిగినచో, "ఎవరి కొలువును కాదు, సొంతముగా నడుపుకొనుచున్నాను" అని బదులు వచ్చును. ఆ మాటలో నభిమానమున్నది. దానిని మేము గౌరవింతుము. అది యెల్లవేళల నిజమేనా యన్నదే ప్రశ్న.

తన పేర రిజిస్టరయిన బండి, తాను కుదుర్చుకొన్న బాడుగ, కాదను స్వేచ్ఛ గలవాడు నిస్సంశయముగా స్వతంత్రుడే. కిస్తులమీద బండి కొన్నంతమాత్రమున నది పోదు. అప్పిచ్చినవాడు కిస్తు నడుగును గాని, ఏ యూరికి పోవలెనో శాసింపడు. అట్టివానిని బలవంతముగా నౌకరుల పట్టీలో చేర్చుట వాని కపకారమే.

ఇక పరుల లారీ నెక్కి 44వ నంబరు జాతీయ రహదారిపై కొత్తకోట, పెబ్బేరుల మీదుగా కర్నూలు వైపు పోవువాని సంగతి వేఱు. సరకు యజమాని కుదిర్చినది, త్రోవ యజమాని చెప్పినది, వేళ యజమాని పెట్టినది. ట్రిప్పున కింతయని కాగితముపై వ్రాసికొన్నందున నాతడు వర్తకు డగునా? బీచుపల్లి వంతెనకడ లారీ బోల్తాపడిన నాడు ఆ కాగితమే యడ్డుగోడ యగును. గాయపడిన పనివానికి పరిహారము 1923 నాటి చట్టముతో వచ్చిన హక్కు. 2025 నవంబరు 21 నుండి అది సామాజిక భద్రతా స్మృతిలో చేరినది. ఆ హక్కు పనివానిదే గాని సొంత వ్యాపారిది కాదు. పేరు మార్చుటవలన నెవరి ధనము మిగులుచున్నదో పాఠకులే యూహింపగలరు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. తెలంగాణ ప్రాంతపు దుకాణముల చట్టము క్రింద దర్జీల తగవొకటి సుప్రీంకోర్టు కెక్కెను. వారికి కుట్టిన బట్టనుబట్టి కూలి; పని యున్ననాడే రాక; పరుల పనికి నిషేధము లేదు. 1973 లో సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ తీర్పునందు న్యాయమూర్తులు, కుట్టుయంత్రములు దుకాణమువే యనియు, సరిగా లేని పనిని త్రోసివేయు నధికారము దుకాణమునదే యనియు గమనించి, దర్జీలు నౌకరులే యని తేల్చిరి. కుట్టుయంత్రమునకు బదులు లారీని నిలిపి చూడుడు.

హైదరాబాదు అద్దెకారు మఱింత విచిత్రము. బండి డ్రైవరుదే, చమురు వానిదే. బాడుగ లెక్క కట్టునది మాత్రము ఫోనులోని యాప్. రేటింగు తగ్గినచో తలుపు మూయునదియు నదియే. ఇట్టి తగవులోనే 2021 ఫిబ్రవరి 19 న బ్రిటిషు సుప్రీంకోర్టు, ఊబరు డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారు, పనివారే యని తీర్పు చెప్పెను. మన స్మృతి నడిమి త్రోవ పట్టినది: వారికి గిగ్ పనివారని పేరిడి, సంస్థ తన వార్షిక వ్యాపారములో నూటికి 1 మొదలు 2 వంతులు సంక్షేమనిధికి చెల్లింపవలె ననెను. నిధి మంచిదే, కనీస కూలి మాట యందు లేదు.

దినబాడుగ ఆటో కౌలువంటిది. యజమానికి రోజున కింతయని కట్టి, మిగిలినది డ్రైవరు తినవలెను. 2023 డిసెంబరు 9 న స్త్రీలకు ఆర్టీసీ ప్రయాణ ముచిత మయిన పిమ్మట గిరాకి తగ్గినదని ఆటోవారు మొఱపెట్టిరి. స్త్రీలకు మేలు కలిగినందుకు మేము సంతసించువారమే. నష్ట మంతయు కౌలుదారునిపై బడుట మాత్రము న్యాయము కాదు. భూమి కౌలుదారునకు హైదరాబాదు రాష్ట్రమున 1950 లోనే చట్టము రక్షణ నిచ్చెను. బండి కౌలుదారునకు నట్టి కాపుదల వలయును.

అడ్వాన్సు పుచ్చుకొని మేస్త్రీ వెంట దూరదేశముల యానకట్టలకు మట్టి మోయబోయిన కూలీల కథ పాలమూరు మఱవలేదు. అసలు యజమాని యెవరని యడిగిన గుత్తేదారు మేస్త్రీని చూపుచుండెను. నేడు కాగితమును చూపుచున్నారు. కార్మికశాఖవారు ఆ కాగితమును ప్రక్కనుంచి, బండి యెవరిది, బాడుగ నిర్ణయించున దెవరు, కాదన్నచో శిక్షించున దెవరు అని విచారింపవలెను. నౌకరు కాడని ఋజువు చేయు భారము పని యిచ్చినవారిపై మోపవలెను. డ్రైవర్లును సంతకమునకు ముందు ఆ యొడంబడికను చదివించుకొందురు గాక. పఠనమందిరములకు వచ్చు పాఠకులు ఆపాటి సాయము చేయజాలుదురు.