ఏ తీరానికి పోదాం?

మా రచయిత్రుల బృందం ఈసారి సముద్రం చూడ్డానికి వెళ్దామనుకుంది. ఏ బీచ్ అన్నది తేల్చే పని నాకు అప్పజెప్పారు. అప్పజెప్పిన మిత్రురాలు నవ్వుతూ, "నువ్వైతే నిష్పక్షపాతంగా చూస్తావు, నీకెలాగూ సముద్రం లేదు కదా" అంది. తనది విశాఖ. నాది నల్లగొండ. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు.

2014 జూన్ 2 నుంచి తెలంగాణకు సముద్రం లేదు. నిజమే. అంతకుముందు ఉండిందా? 974 కిలోమీటర్ల తీరం మన రాష్ట్రానిదని బడిలో బట్టీ పట్టాం, పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. దేవరకొండ దగ్గర మా ఊళ్ళో మా అమ్మ ఈడు ఆడవాళ్ళలో సముద్రం చూసినవాళ్ళు నాకు తెలిసి ఒక్కరూ లేరు. లేనిదాన్ని పోగొట్టుకోవడం ఎట్లాగో రాష్ట్ర విభజన మీద ఇన్ని పేజీలు రాసినవాళ్ళెవరూ చెప్పలేదు.

సరే, పని మొదలుపెట్టాను. పత్రికల ఆదివారం సంచికలు, టూరిజం కరపత్రాలు, గైడు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. అన్నిట్లోనూ ఒకే రకం వర్గీకరణ. కుటుంబంతో వెళ్ళదగ్గవి. కొత్త దంపతులు వెళ్ళదగ్గవి. ఏకాంతం కోరుకునేవాళ్ళకు అనువైనవి. సాహసికులకు నచ్చేవి. ఎన్నుకునే మనిషి ఎవరో ఎక్కడా చెప్పరు, చెప్పాల్సిన అవసరం వాళ్ళకు లేదు. ఆ మనిషి మగవాడు. ఆయన దగ్గర కారుంది, సెలవుంది, డబ్బుంది, పక్కన కుటుంబముంది. ఏకాంతం కోరుకుంటే సూర్యాస్తమయం దాకా ఒక్కడే ఇసుకలో పడుకోగలడు. సాయంత్రం ఆరు దాటాక జనం లేని తీరంలో ఒక్కత్తే కూర్చున్న ఆడదాన్ని ఊహించండి. ఆమె ఏకాంతం ఎంతసేపు నిలుస్తుంది? వాళ్ళు 'ప్రశాంతమైన బీచ్' అని మెచ్చుకున్న ప్రతిచోటా నేను పెన్సిలుతో కొట్టివేత గీత గీసుకుంటూ పోయాను.

ఇక 'కుటుంబంతో వెళ్ళదగ్గ' బీచ్‌లో ఆడవాళ్ళు చేసేదేమిటో మీరంతా చూసే ఉంటారు. మగవాళ్ళు, పిల్లలు నీళ్ళలోకి పరుగెత్తుతారు. ఆమె పులిహోర డబ్బా, తువ్వాళ్ళు, ఫోన్లు, అందరి చెప్పులు ముందు పెట్టుకుని గట్టు మీద కూర్చుంటుంది. సముద్రాన్ని చెప్పుల కాపలాదారుగా చూస్తుంది.

నాకు నేనుగా కొన్ని ప్రశ్నలు రాసుకున్నాను. బస్సు ఎంత దూరంలో ఆపుతుంది? మూత్రశాల ఉందా, దానికి తలుపూ గొళ్ళెమూ ఉన్నాయా, నీళ్ళున్నాయా? తడిబట్టలు మార్చుకోవడానికి నాలుగు గోడలున్నాయా? తాగే నీళ్ళు దొరుకుతాయా? చీకటి పడితే దీపాలుంటాయా? మోకాళ్ళు వంగనివాళ్ళు నీళ్ళ దాకా నడవగలరా? ఈ జాబితా చదివి మా బృందంలో ఒకరు, "ఇది సాహిత్య యాత్ర, పారిశుద్ధ్య కమిటీ కాదు" అన్నారు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ మాటకు నా సమాధానం.

మూడేళ్ళ క్రితం మా అమ్మను సముద్రానికి తీసుకెళ్ళాను. డాక్టరేటు వచ్చిన కూతురిగా నేను చేసిన మొదటి ఘనకార్యం అదేననుకున్నాను. పేరు చెప్పను, అందరికీ తెలిసిన బీచే. అమ్మది ఫ్లోరైడు ఒళ్ళు. నీళ్ళలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టుకుంది గానీ, అది మా అమ్మ కుండ దాకా రాలేదు. తర్వాతెప్పుడో మిషన్ భగీరథ కింద కృష్ణ నీళ్ళొచ్చాయి, బిగుసుకుపోయిన కీళ్ళు మాత్రం ఆ నీళ్ళతో వదలవు. తెల్లవారి బయల్దేరినప్పటి నుంచి అమ్మ చుక్క నీళ్ళు తాగలేదు. ఎందుకు తాగవంటే, "ఏడ కూసోవాలె బిడ్డా?" అంది. అక్కడికెళ్ళాక చూస్తే మరుగుదొడ్డికి తాళం. అడిగితే తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. నేను కెమెరా సర్దుకుంటున్నాను, అమ్మ మాత్రం సముద్రం వైపు కాదు, సరుగుడు తోట వైపు చూస్తోంది. కిందికి కూర్చోలేని మోకాళ్ళు, చుట్టూ మగవాళ్ళు. ఆమె మొదటిసారి సముద్రం చూసిన ఫోటోలో ఆమె మొహం బిగుసుకుపోయి ఉంటుంది. ఆ ఫోటోను చాలాకాలం నేను 'అమ్మ విస్మయం' అని అందరికీ చూపించాను. ఇది నా సిగ్గు, ఇంకెవరిదీ కాదు.

కవిత్వంలో మనకు సముద్రం స్వేచ్ఛ. ఎన్ని సంకలనాలు తిరగేసినా కెరటం తిరుగుబాటే, తీరం ఎదురుచూపే, అలలు ఆడదాని మనసే. నేనూ రాశాను అలాంటివి. సముద్రం అంచున నిలబడి ఉచ్చ ఆపుకున్న ఆడదాని మీద మనలో ఎవరైనా కవిత రాశామా? దేహ రాజకీయాల మీద సెమినార్లు పెట్టే మనం ఆ దేహానికుండే మూత్రాశయాన్ని మాత్రం వస్తువుగా ఒప్పుకోం.

మన సమాజం ఆడవాళ్ళను నీళ్ళలో దిగనిచ్చేది ఒకే ఒక్క పేరుతో. పుణ్యం. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో, మంగినపూడిలో వేలమంది ఆడవాళ్ళు నిండా మునుగుతారు. మాకైతే కృష్ణా పుష్కరాలు. 2004లోనూ, 2016లోనూ బీచుపల్లి, సోమశిల, వాడపల్లి, మట్టపల్లి ఘాట్లలో మా ఆడవాళ్ళు ఎవరి అనుమతీ అడక్కుండా తడిశారు, నవ్వారు, ఒకరి మీద ఒకరు నీళ్ళు జల్లుకున్నారు. నేను నాస్తికురాలినే అయినా ఆ నవ్వులు విన్నాక పుష్కరాలను ఎగతాళి చేయడం మానేశాను. దేవుడి పేరు లేకుండా ఆ నవ్వు ఎందుకు సాధ్యం కాదన్నదే నా పేచీ.

పేచీ సంతోషం గురించి మాత్రమే కాదు, ప్రాణం గురించి కూడా. 2004 డిసెంబర్ 26 సునామీలో ఎవరు ఎక్కువ చనిపోయారో మరిచిపోయామా? తమిళనాడు కడలూరు జిల్లాలో 391 మంది స్త్రీలు, 146 మంది పురుషులు పోయారని ఆక్స్‌ఫామ్ మరుసటి ఏడు లెక్క తేల్చింది. మగవాళ్ళు చాలామంది వేటకెళ్ళి లోతు నీళ్ళలో ఉన్నారు, అక్కడ ఆ అల ఎత్తు తెలియదు. ఆడవాళ్ళు పడవల కోసం ఒడ్డున ఉన్నారు, ఇళ్ళలో పిల్లల దగ్గర ఉన్నారు. ఈత, చెట్టెక్కడం మగపిల్లలకే నేర్పారు. తడిసిన ఆరు గజాల చీర కాళ్ళకు చుట్టుకుంటే ఎంత బరువో మోకాలు లోతు కాలవ దాటిన ప్రతి ఆడదానికీ తెలుసు. మన బంగాళాఖాతం తీరంలో చాలాచోట్ల అల ఒక్కసారిగా విరుగుతుంది, వెనక్కి లాగే పాయ కాలి కింద ఇసుకను తీసుకుపోతుంది. ఈత రానివాళ్ళను, చీరలోని వాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఏ గైడు పుస్తకమైనా ఒక్క తీరం గురించి హెచ్చరించిందా? అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడ తుఫాన్ల కాలం. దివిసీమను ముంచింది 1977 నవంబర్‌లో, హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబర్ 12న. సరిగ్గా ఆ కాలంలోనే కార్తీకం వస్తుంది. మాకు పుణ్యం దొరికే నెలా, సముద్రం మంచిగా లేని నెలా ఒకటే.

ఇక్కడ మనవాళ్ళతోనే తగాదా పడాల్సిన మాట ఒకటుంది. 2017 ఫిబ్రవరిలో విశాఖలో 'బీచ్ లవ్ ఫెస్టివల్' జరుపుతామని ప్రకటించినప్పుడు మహిళా సంఘాలు వ్యతిరేకించాయి. ఆడదాని శరీరాన్ని టూరిజం సరుకు చేయడం మీద ఆ వ్యతిరేకత, దాంతో నాకు ఏకీభావమే. కానీ పక్కనే సంస్కృతి పరిరక్షకులూ నిలబడి బికినీల గురించి అరిచారు, పండుగ ఆగిపోయింది, అందరం గెలిచామనుకుని ఇళ్ళకెళ్ళాం. ఎవరు గెలిచారు? వాళ్ళు ఆడదాన్ని తీరం నుంచి వెనక్కి పంపడానికి వచ్చారు. మనం ఆమె తనకు నచ్చిన బట్టల్లో తీరం మీద ఉండే హక్కు కోసం వచ్చామని గట్టిగా చెప్పలేదు. ఆ వేదిక మీద రెండో డిమాండుగా మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, రాత్రి దీపాలు, ఆడపిల్లలకు ఈత అని ఒక్క కాగితం ఇచ్చి ఉంటే మనమెవరమో, వాళ్ళెవరో తెలిసిపోయేది.

ఆ సౌకర్యాలు అడగ్గానే ఇంకో ప్రమాదం ఎదురవుతుందని నాకు తెలుసు. 2019 జనవరిలో వచ్చిన తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ బీచ్‌ల మీద తాత్కాలిక పర్యాటక నిర్మాణాలకు దారి తెరిచింది. అందులో మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, తాగునీరు కూడా ఉన్నాయి. చూశారా, మన అవసరమే అక్కడ వ్యాపారానికి సాకయింది. ఋషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. శుభ్రత, భద్రత, సౌకర్యాలు చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది, నేను వెక్కిరించను. కానీ బీచ్ అంటే చేపలు ఎండబెట్టే కళ్ళం కూడా. బుట్టలతో పడవల కోసం కాచుకుని, ఒడ్డునే పాట పాడి కొనుక్కుని, ఊళ్ళు తిరిగి అమ్ముకునే మత్స్యకార స్త్రీకి అది పనిచోటు. ఆమె ఎండుచేపల వాసన మనకు 'అపరిశుభ్రత'గా లెక్కలోకెక్కితే నేను అడిగిన మరుగుదొడ్డి ఆమెను వెళ్ళగొట్టడానికి పునాదిరాయి అవుతుంది. కాబట్టి నా జాబితాలో చివరి ప్రశ్న ఇది: అక్కడి ఆడవాళ్ళకూ ఆ తలుపు తెరుచుకుంటుందా? టిక్కెట్టు లేకుండా?

ఇంతకీ మాకు సముద్రం లేదని ఎవరన్నారు? మా ఊరివాళ్ళు "సాగర్‌కు పోయొస్తం" అంటే అది నాగార్జునసాగరే. మా ఆడవాళ్ళ కొలతలో అంతకంటే పెద్ద నీళ్ళు లేవు. ఇంత పెద్ద రాతికట్టడం ఆనకట్ట ప్రపంచంలో ఇంకోటి లేదంటారు. ఆ రాయీ, ఆ మట్టీ మోసినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు కదా. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువల్లోకి నీళ్ళు వదిలిన తర్వాత కూడా మునుగోడు, మర్రిగూడ ఆడవాళ్ళు దశాబ్దాలపాటు ఫ్లోరైడు నీళ్ళే తోడుకున్నారు. ఇక పాలమూరులో కోయిల్‌సాగర్ ఉంది. కొల్లాపూర్ దగ్గర సోమశిలను ఇప్పుడు 'మినీ మాల్దీవులు' అని ప్రచారం చేస్తున్నారు. శ్రీశైలం వెనుక నీళ్ళవి. ఆ నీళ్ళ కింద ఊళ్ళున్నాయి, ఇళ్ళున్నాయి, పొయ్యిలున్నాయి. హైదరాబాద్ పక్కన కొత్వాల్‌గూడలో కృత్రిమ బీచ్ కడతామని 2025లో వార్తలొచ్చాయి. ఇసుక పోసి, అలలు పుట్టించి. దాని నమూనా చిత్రాల్లో చెప్పుల కాపలా ఎవరిదో చూడాలి.

మా మేనత్తది అచ్చంపేట వైపు ఊరు. పెళ్ళయిన కొత్తలో పెద్దమేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, గుంపుతో పాటు పడమటి తీరంలో ఒక రేవు పనికి వెళ్ళింది. అంటే మా వంశంలో సముద్రాన్ని మొదట చూసింది నేను కాదు, ఆమె. నా సిద్ధాంత వ్యాసమంతా యాత్రా సాహిత్యం మీదే. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి పోతూ వనపర్తి, జడ్చర్ల మీదుగా నడిచిన దారి గురించి ఒక అధ్యాయమే రాశాను. ఆ దారి పక్క ఊళ్ళ నుంచే దేశమంతా తిరిగి కాలువలు, కట్టలు, రేవులు కట్టిన పాలమూరు ఆడవాళ్ళను యాత్రికులుగా లెక్కించాలన్న ఊహ నాకు రాలేదు. నా పర్యవేక్షకులకూ రాలేదు. వాళ్ళు ఏ తీరమో ఎన్నుకోలేదు, మేస్త్రి ఎన్నుకున్నాడు. అంత మాత్రాన చూడలేదని ఎట్లా అంటాం?

మొన్న పండక్కి ఆమెను అడిగాను.

"సముద్రమా? సూసిన. రెండేండ్లు సూసిన" అంది. "ఏమున్నదందుల? ఎటు సూసినా నీళ్ళే, తాగనీకె చుక్క లెవ్వు. బిందె పట్టుకొని రెండు మైళ్ళు పొయ్యెటోళ్ళం."

"ఎన్నడన్న నీళ్ళల్ల దిగినవా అత్తా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వింది. "ఒక్కసారి. అమాస నాడు పనికి సెలవిచ్చిండ్రు. ఆడోళ్ళమంత కలిసి పొయ్యినం. చీకట్ల. మొగోళ్ళకు చెప్పలే."

బృందానికి నేనిచ్చిన నివేదికలో మూడు బీచ్‌ల పేర్లు రాసి, ప్రతిదాని పక్కనా నా ప్రశ్నలకు దొరికిన జవాబులు పెట్టాను. సగం గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఒకరం ముందుగా వెళ్ళి చూసొస్తే తప్ప అవి నిండవు. తేదీ మాత్రం ఫిబ్రవరిలో పెట్టమన్నాను, తుఫాన్లు పోయాక, ఎండలు ముదరక ముందు. ఇద్దరికి అదనంగా టిక్కెట్లు కావాలని రాశాను. అమ్మ ఇంకా ఊ అనలేదు. అత్త మాత్రం వస్తానంది, ఒక షరతు మీద: మంచినీళ్ళ క్యాను నేనే మోయాలట.