రిపోర్టులో నార్మల్ అని ఉన్నది గదా!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో గృహదర్శనములకు వెళ్లినప్పుడు మమ్మును తరచు అడుగు ప్రశ్న ఇది: "అయ్యగారూ, మూడుసార్లు స్కానింగ్ తీపిచ్చినం. అంతా మంచిగనే ఉన్నదన్నరు. మరి పిల్లకు గిట్లెందుకైంది?"

స్కానింగ్ యంత్రము మన చెవికి వినబడని శబ్దమును కడుపులోనికి పంపి, తిరిగి వచ్చు ప్రతిధ్వనితో బొమ్మ గీస్తుంది. బిడ్డ అటు తిరిగి పడుకున్నా, ఉమ్మనీరు తక్కువైనా బొమ్మ మసకగా వస్తుంది. అవయవములను ఒక్కొక్కటిగా చూచు టిఫా స్కానింగ్‌కు తగిన సమయము 18 నుండి 22 వారములు. బీడీలు చేసే మన అక్కలు ఆ రోజు కూలి పోతుందని ఏడవ నెల వరకు ఆగుతారు. అప్పటికి బిడ్డ ఎముకలు గట్టిపడి, వాటి నీడ అడ్డము వస్తుంది. 2022 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వము 44 ఆసుపత్రులలో 56 టిఫా యంత్రములు ప్రారంభించినది. మీకు దగ్గర ఎక్కడున్నదో ఆశా కార్యకర్తను అడగండి.

సకాలములో చూపించినా దొరకనివి ఉన్నవి. గుండెలో చిన్న రంధ్రము, అంగిలి చీలిక, మలద్వారము మూసుకొని ఉండుట అట్టివి. కొన్ని గడ్డలైతే ఐదవ నెలలో కనబడవు, తరువాత పెరుగుతాయి. తోక ఎముక వద్ద వచ్చు టెరటోమా అను గడ్డ సుమారు 35 నుండి 40 వేల కాన్పులలో ఒకరికి వస్తుంది. ఆడపిల్లలలో ఎక్కువ. పుట్టినప్పుడు చాలావరకు అది క్యాన్సరు కాదు. ముందుగా తెలిసినయెడల పిల్లల సర్జన్ ఉన్న పెద్దాసుపత్రిలో కాన్పు చేసి, గడ్డను ఆ ఎముకతో సహా తీసివేస్తారు. తెలియనియెడల కాన్పులో గడ్డ చితికి బిడ్డకు రక్తము పోవచ్చును. కాబట్టి పాత రిపోర్టు మంచిగా ఉన్నదని ఊరకుండవద్దు. పొట్ట ఉన్నట్టుండి పెరిగితే మరల చూపించండి.

అత్తగార్లతో ఒక మాట. గ్రహణమునాడు కోడలు కత్తిపీట ముట్టినది గనుక పెదవి చీలినదని మన సంఘస్థుల ఇండ్లలోను అంటున్నారు. కొడుకు దుబాయిలో ఉంటాడు, ఆ మాటే మొదట వింటాడు. పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపము ఎవరిదని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు తల్లిదండ్రుల మీద నింద వేయలేదు. ఆరాధన ముగిసిన తరువాత చెట్టు క్రింద మనము ఎందుకు వేయాలి?

బిడ్డ పుట్టగానే తల మొదలు పాదము వరకు చూడుమని నర్సమ్మను అడగండి. నోటిలో అంగిలి, వెన్ను, మలద్వారము తప్పక చూడాలి. ఒక దినము గడిచినా బిడ్డ దొడ్డికి పోనియెడల, స్నానము, పేరు, చుట్టాలు అన్నీ ఆపి వెంటనే డాక్టరు దగ్గరకు తీసికొని వెళ్లండి.