సైకాలజీలో పీజీ చేస్తే సైకాలజిస్ట్ అయిపోయినట్టేనా? అసలు శిక్షణ మొదలయ్యేది ఆ తర్వాతే!

వంద మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సిలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాల్సిందే. 2025 జూలై 25న సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసులో జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. దాంతోపాటు దేశమంతటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు.. అన్నీ వీటి పరిధిలోకే వస్తాయి.

దీని అవసరం ఎంతో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13 వేలకు పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. కార్పొరేట్ జూనియర్ కాలేజీలు, రెసిడెన్షియల్ క్యాంపస్‌లు వీధికొకటి ఉన్న తెలుగు రాష్ట్రాలకు ఈ తీర్పు నేరుగా తగిలేదే.

తీర్పు సరే. మరి ఆ కౌన్సిలర్ కుర్చీలో కూర్చునేది ఎవరు? ఎమ్మెస్సీ సైకాలజీ చేసినవాళ్లా? ఆరు వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లా? లేక ఖాళీగా ఉన్న లెక్చరర్‌కే ఆ పనీ అప్పగిస్తారా? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

పీజీ పట్టా వచ్చింది.. ప్రాక్టీస్ పెట్టొచ్చా?

చాలామంది విద్యార్థులు, తల్లిదండ్రులు అనుకునేది ఒకటే. బీఏలోనో బీఎస్సీలోనో సైకాలజీ తీసుకుని, తర్వాత ఎంఏ లేదా ఎమ్మెస్సీ చేస్తే సైకాలజిస్ట్ అయిపోయినట్టే అని. చదువుపరంగా అది నిజమే కావొచ్చు. కానీ మానసిక సమస్యతో వచ్చిన మనిషిని పరీక్షించి, రోగ నిర్ధారణలో పాలుపంచుకుని, థెరపీ ఇచ్చే క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే మాత్రం ఆ పట్టా ఒక్కటే సరిపోదు.

ఈ విషయాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెప్పింది. భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ గుర్తించిన సంస్థలో క్లినికల్ సైకాలజీ అర్హత పొంది ఉండాలి. లేదంటే సైకాలజీలో పీజీ తర్వాత క్లినికల్ సైకాలజీలో గానీ, మెడికల్ అండ్ సోషల్ సైకాలజీలో గానీ రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్ చేసి ఉండాలి. అందులో సీనియర్ల పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ తప్పనిసరి. చట్టం గట్టిగా పట్టుకున్నది ఈ పర్యవేక్షణ అనే మాటనే.

శిక్షణ అయ్యాక ఆర్‌సీఐ కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ రిజిస్ట్రేషన్ కూడా జీవితాంతం ఉండేది కాదు. వృత్తిలో కొత్త విషయాలు నేర్చుకుంటూ, పాయింట్లు సంపాదించుకుంటూ రెన్యువల్ చేయించుకోవాలి.

ఆ రెండేళ్లలో ఏం నేర్పుతారు?

ఈ శిక్షణకు మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది. బెంగళూరులోని అప్పటి ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌లో, అంటే ఇప్పటి నిమ్హాన్స్‌లో 1955లో మెడికల్ అండ్ సోషల్ సైకాలజీ డిప్లొమాగా ఇది మొదలైంది. తర్వాత రాంచీలోని కేంద్ర మానసిక చికిత్సాలయం కూడా ఇలాంటి కోర్సు పెట్టింది. కాలక్రమంలో ఆ డిప్లొమానే ఎంఫిల్‌గా మారింది.

పేరుకు ఎంఫిల్ అయినా ఇది లైబ్రరీలో కూర్చుని థీసిస్ రాసే కోర్సు కాదు. ట్రైనీలు రోజంతా ఆస్పత్రిలోనే ఉంటారు. పెద్దల వార్డు, పిల్లల విభాగం, డీ-అడిక్షన్, న్యూరాలజీ.. ఇలా ఒక్కో చోట పోస్టింగ్ పడుతుంది. రోగి చరిత్ర ఎలా తీసుకోవాలి, ఐక్యూ టెస్ట్ ఎలా చేయాలి, డిప్రెషన్‌కీ మామూలు బాధకీ తేడా ఎలా గుర్తించాలి, ఎప్పుడు థెరపీ ఆపి సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపాలి.. ఇవన్నీ కేసుల మీదే నేర్చుకుంటారు. మొదటి ఏడాది చివర ఒక పరీక్ష, రెండో ఏడాది చివర ఇంకోటి. మధ్యలో పరిశోధన ఉండనే ఉంటుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ట్రైనీ చేసిన ప్రతి కేసునూ సూపర్‌వైజర్ చూస్తారు. "ఆ ప్రశ్న ఎందుకు అడిగావు? ఈ మాట ఎందుకు వదిలేశావు?" అని నిలదీస్తారు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎదుటి మనిషి చెబితే ఏం చేయాలో పుస్తకంలో చదవడం వేరు, పక్కన సీనియర్ ఉండగా ఆ పరిస్థితిని ఎదుర్కోవడం వేరు. ఎమ్మెస్సీలోనూ ఇంటర్న్‌షిప్‌లు ఉంటాయి. కానీ చాలాచోట్ల అవి కొన్ని వారాల్లో ముగిసిపోతాయి.

ఈ శిక్షణ విలువ ఊళ్లో ఉండేవాళ్లకూ తెలిసిందే. సదరం క్యాంపులో బిడ్డకు మేధో వైకల్యం సర్టిఫికెట్ రావాలంటే ఐక్యూ పరీక్ష జరగాలి. ఆ పరీక్ష సరిగ్గా చేసే మనిషి లేకపోతే సర్టిఫికెట్ ఆగుతుంది, దాంతో పింఛనూ ఆగుతుంది.

ఎంఫిల్‌కు గడువు.. విద్యార్థుల్లో గందరగోళం

సరిగ్గా డిమాండ్ పెరిగిన సమయంలోనే దారి మారుతోంది. కొత్త జాతీయ విద్యా విధానానికి అనుగుణంగా యూజీసీ 2022 నవంబర్‌లో తెచ్చిన నిబంధనలతో ఎంఫిల్ డిగ్రీ రద్దయింది. 2023 డిసెంబర్‌లో ఎంఫిల్ అడ్మిషన్లు ఆపేయాలని యూనివర్సిటీలకు మరోసారి చెప్పింది. దాంతో క్లినికల్ సైకాలజీ రంగంలో కలకలం రేగింది. ఎందుకంటే మిగతా సబ్జెక్టుల్లో ఎంఫిల్ అంటే పీహెచ్‌డీకి ముందు మెట్టు. ఇక్కడ మాత్రం అదే లైసెన్స్‌కు దారి!

2024 జనవరిలో యూజీసీ కాస్త వెనక్కి తగ్గింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్ కోర్సులకు 2025-26 విద్యా సంవత్సరం వరకు వెసులుబాటు ఇచ్చింది. మరోవైపు ఆర్‌సీఐ కొత్త నిచ్చెన సిద్ధం చేసింది. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ క్లినికల్ సైకాలజీ, ఎంఏ క్లినికల్ సైకాలజీ, సైడీ అనే ప్రొఫెషనల్ డాక్టరేట్.. ఇవీ ఇందులోని మెట్లు.

మార్పు వద్దని ఎవరూ అనరు. డిగ్రీ స్థాయి నుంచే క్లినికల్ చదువు మొదలైతే మంచిదే. కానీ పాత పద్ధతిలో బీఏ, ఎంఏ సైకాలజీ చేసినవాళ్ల సంగతేంటి? అయిదేళ్లు చదివి, ఎంఫిల్ ఎంట్రెన్స్‌కు రెండుమూడేళ్లు ప్రిపేర్ అయినవాళ్లు ఇప్పుడు ఏ మెట్టు ఎక్కాలి? పేర్లు మారినా ఆస్పత్రి వార్డులో పర్యవేక్షణతో గడిచే ఆ రెండేళ్లు తగ్గకూడదన్నదే అసలు విషయం. కోర్సు పేరు కొత్తదై, వార్డులో గడిపే సమయం తగ్గితే నష్టపోయేది రోగే.

డిస్టెన్స్ చదువుకు బ్రేక్

ఇంకో మార్పు కూడా వచ్చింది. సైకాలజీతో సహా కొన్ని ఆరోగ్య సంబంధ కోర్సులను 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపకూడదని యూజీసీ ఆదేశించింది. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ ఇగ్నో లాంటి చోట్ల ఎంఏ సైకాలజీ చేసినవాళ్లు ఎందరో. టీచర్లు, గృహిణులు ఎక్కువగా ఆ దారిలోనే వచ్చారు. మనిషితో ఎదురెదురుగా కూర్చుని నేర్చుకోవాల్సిన విద్యను పోస్టులో వచ్చే పుస్తకాలతో నేర్పలేమన్నది యూజీసీ వైపు వాదన. అందులో న్యాయం ఉంది. కానీ రెగ్యులర్ కాలేజీల్లో సీట్లు పెంచకుండా ఈ తలుపు ఒక్కటే మూస్తే, చిన్న పట్టణాల నుంచి వచ్చేవాళ్లు తగ్గిపోతారు. తెలుగులో థెరపీ చేయగలిగినవాళ్లూ ఆ మేరకు తగ్గుతారు.

'కౌన్సిలర్' బోర్డు ఎవరైనా పెట్టొచ్చా?

ఆర్‌సీఐ చట్టం 1992 నాటిది. రిజిస్టర్‌లో పేరు లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని అందులో ఉంది. వెయ్యి రూపాయలు! ఇప్పుడు నగరాల్లో ఒక్క సెషన్ ఫీజే చాలాచోట్ల అంత ఉంటుంది. అది ఎంత భయపెడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

పైగా ఆ చట్టం చూసేది క్లినికల్ సైకాలజిస్టుల్లాంటి కొన్ని వృత్తులనే. 'లైఫ్ కోచ్', 'మైండ్ ట్రైనర్', 'కౌన్సిలర్' అని బోర్డు పెట్టుకుంటే అడిగేవాళ్లు తక్కువ. ఈ లోటు పూడ్చడానికే 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టులు కాని మిగతా సైకాలజిస్టులు, ఆరోగ్య కౌన్సిలర్లు ఇందులోకి వస్తారు. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటల చదువు ఉండాలని ఈ చట్టం చెబుతోంది. రాష్ట్రాల్లో కౌన్సిళ్లు ఏర్పడి, రిజిస్టర్లు తెరిచి, తనిఖీలు మొదలైతేనే ఇది కాగితం దాటి బయటకొస్తుంది.

సీట్లు ఎందుకు పెరగట్లేదు?

జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో తేల్చిందేమిటంటే, పెద్దల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. లక్ష మందికి ముగ్గురు సైకియాట్రిస్టులు కావాల్సిన చోట ఉన్నది 0.75 మాత్రమే. ఆ లోటును కొంతైనా మోయాల్సింది సైకాలజిస్టులే.

అయినా సీట్లు ఇంజినీరింగ్ సీట్లలా పెరగవు. పెరగకూడదు కూడా. ఒక్కో సూపర్‌వైజర్ ఇంతమంది ట్రైనీలనే చూడగలరు. వెనకాల రోగులొచ్చే ఆస్పత్రి ఉండాలి. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖ మానసిక వైద్యశాల లాంటి చోట్ల రోగులకు కొదవ లేదు. కావాల్సింది నేర్పే ఫ్యాకల్టీ పోస్టులు, ట్రైనీలకు స్టైపెండ్. బ్రిటన్‌లో క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ మూడేళ్లు. ఆ ట్రైనీలను ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఉద్యోగులుగా తీసుకుని జీతం ఇస్తుంది. మన దగ్గర ప్రైవేటు సంస్థల్లో ట్రైనీనే ఫీజు కట్టి ఆస్పత్రిలో పనిచేయాలి. డబ్బున్న ఇంటి పిల్లలే ఈ వృత్తిలోకి వస్తే, హాస్టల్‌లో ఉండే పేదింటి పిల్లాడి బాధ వాళ్లకు ఎంతవరకు అర్థమవుతుందనేది ఆలోచించాల్సిన విషయమే.

అమెరికా వెళ్దామనుకునే తెలుగు విద్యార్థులు కూడా ఒక విషయం గుర్తుంచుకోవాలి. అక్కడ చాలా రాష్ట్రాల్లో సైకాలజిస్ట్ లైసెన్స్‌కు డాక్టరేట్, ఇంటర్న్‌షిప్, లైసెన్స్ పరీక్ష.. మూడూ కావాలి. మాస్టర్స్ ఒక్కదానితో పని కాదు.

కోర్సులో చేరేముందు ఇవి చూసుకోండి

- ఆ సంస్థకు, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి ఆర్‌సీఐ గుర్తింపు ఉందా? బ్రోచర్ నమ్మొద్దు, ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోని జాబితా చూడండి.
- కోర్సు పూర్తయ్యాక ఏ హోదాతో రిజిస్టర్ అవుతారు? సొంతంగా ప్రాక్టీస్ చేయొచ్చా, లేక ఇంకొకరి కింద పనిచేయాలా?
- ఏ ఆస్పత్రిలో పోస్టింగ్ ఇస్తారు? సూపర్‌వైజర్లు ఎందరు?
- పిల్లల్ని కౌన్సిలింగ్‌కు తీసుకెళ్లే తల్లిదండ్రులు క్లినికల్ సైకాలజిస్ట్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగొచ్చు. అందులో మొహమాటం అక్కర్లేదు. సైకాలజిస్ట్ మందులు రాస్తున్నారంటే మాత్రం అనుమానించాల్సిందే, ఆ పని సైకియాట్రిస్ట్‌ది.

పోస్ట్ కాదు.. శిక్షణ ముఖ్యం

సుప్రీంకోర్టు వాడిన మాటల్లో అందరూ దాటేస్తున్నది ఒకటుంది. కౌన్సిలర్ ఉంటే చాలదు, పిల్లలు, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందినట్టు చూపించగలిగి ఉండాలి అంది కోర్టు. కాలేజీలు ఆ పోస్టును రేపే నింపేయొచ్చు. తలుపు మీద పేరు రాయించడం ఒక్క రోజు పని. ఆ గదిలో కూర్చోగలిగే మనిషిని తయారుచేయడానికి మాత్రం పీజీ తర్వాత కూడా ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లకు సీట్లు, జీతాలు, ఫ్యాకల్టీ ఎవరిస్తారో ప్రభుత్వాలు చెప్పాలి. చెప్పకపోతే తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికి కౌన్సిలర్ ఉంటారు, రాత్రి పూట హాస్టల్ గదిలో కుమిలిపోతున్న పిల్లకు మాత్రం ఎవరూ ఉండరు.

మీరు గానీ, మీకు తెలిసినవాళ్లు గానీ మానసిక ఒత్తిడిలో ఉంటే టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. ఇది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.