చూడని వీధిపై సంపాదకునికి లేఖ: ఉన్నత పాఠశాల తెలుగులో పత్రికారచన

ఉన్నత పాఠశాల స్థాయిలో పత్రికారచన బోధన లేదన్న ఫిర్యాదు తరచు వినబడుతుంది. వాచకాలను తిరగేస్తే ఆ ఫిర్యాదు నిలవదు. స్వీయరచన, సృజనాత్మకత శీర్షికల కింద సంపాదకునికి లేఖ, ఇంటర్వ్యూ ప్రశ్నావళి, కరపత్రం, నివేదిక ఇప్పటికే అభ్యాసాలుగా ఉన్నాయి. తెలంగాణ ఏర్పడిన తరువాత వచ్చిన పదోతరగతి తెలుగు వాచకంలో 'లక్ష్యసిద్ధి' అనే పాఠం ఒక దినపత్రిక సంపాదకీయమే. కాబట్టి పత్రికారచనను బడిలో ప్రవేశపెట్టాలా వద్దా అన్న చర్చకు కాలం చెల్లింది. అది ప్రవేశించింది. ఏ రూపంలో ప్రవేశించిందన్నదే విచారించవలసిన విషయం.

సంపాదకునికి లేఖ అభ్యాసాన్నే తీసుకుందాం. విద్యార్థి తన ప్రాంతపు సమస్య ఒకదానిని ఊహించుకొని, తేదీ వేసి, సంపాదకుని సంబోధించి, అధికారుల నిర్లక్ష్యాన్ని ఖండించి లేఖ ముగిస్తాడు. నమూనా గైడులో సిద్ధంగా ఉంటుంది. ఆ మురుగుకాలువ ఏ వీధిలో ఉన్నది, ఎన్నాళ్లుగా పొంగుతున్నది, సంబంధిత కార్యాలయం ఏమన్నది అన్న ప్రశ్నలకు మూల్యాంకనంలో చోటు లేదు. లేఖారూపం కుదిరితే మార్కులు కుదురుతాయి. ఇంటర్వ్యూ ప్రశ్నావళి కూడా ఇంతే. ప్రశ్నలు రాయడంతో అభ్యాసం ముగుస్తుంది. జవాబు చెప్పే మనిషి ఎదురుపడడు. ఎదురుపడని మనిషి మాట మార్చడు, ప్రశ్నను తిరస్కరించడు, రెండో ప్రశ్నకు అవకాశమివ్వడు.

పత్రికారచనకు మొదటి నియమం తెలుసుకున్న తరువాతనే రాయడం. తెలుగు తరగతి అందుకు విరుద్ధమైన అలవాటును నేర్పుతున్నది. తెలుసుకోకుండా రాయడాన్ని సృజనాత్మకతగా గుర్తించి మార్కులు వేస్తున్నది. కథకూ కవితకూ ఊహ ప్రాణం. సంపాదకునికి రాసే లేఖలో అదే ఊహ అసత్యమవుతుంది. ఈ రెండింటి మధ్య గీత గీయని బోధన సాహిత్యానికీ పత్రికకూ సమానంగా అపకారం చేస్తుంది.

1. తరగతి గది బయటి వాచకం

అమీర్‌పేట, పంజాగుట్ట పరిసరాల్లోని ఏ ఉన్నత పాఠశాలకైనా ఈ గీతను చూపించే సామగ్రి నడక దూరంలో ఉన్నది. మైత్రీవనం చుట్టుపక్కల గోడలు, మెట్లు, స్తంభాలు శిక్షణ సంస్థల ప్రకటనలతో నిండి ఉంటాయి. 'ఉద్యోగం ఖాయం' అనే రెండు మాటలు ఒక పీరియడుకు చాలు. ఎవరికి ఖాయం? చేరినవారిలో ఎంతమందికి? ఏ ఉద్యోగం? ఆ లెక్క వేసినది ఎవరు? కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరు 13న శిక్షణరంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు మార్గదర్శకాలు జారీచేసింది. ఎంపిక, ఉద్యోగం ఖాయమనే అబద్ధపు హామీలను అవి నిషేధించాయి. విజేతల రాతపూర్వక అంగీకారం లేకుండా వారి పేర్లు, ఫోటోలు వాడరాదన్నాయి. తొమ్మిదో తరగతి విద్యార్థి ఒక ప్రకటనను ఉన్నదున్నట్టు నకలు చేసుకొని, మార్గదర్శకాల పక్కన పెట్టి చదివి, ఉపాధ్యాయుని వెంట వెళ్లి సంస్థవారిని ఒక ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును వచ్చినట్టు రాస్తే అది పత్రికారచన. ఆ ప్రకటనపై ఆగ్రహంతో రెండు పుటలు నింపితే అది వక్తృత్వం మాత్రమే.

పంజాగుట్టలో మరొక పాఠం ఉన్నది. నిర్మాణంలో ఉన్న పంజాగుట్ట ఫ్లైఓవర్‌లో ఒక భాగం 2007 సెప్టెంబరు 9న కూలింది. ప్రమాదం మరునాటి పత్రికను, వారం తరువాతి పత్రికను గ్రంథాలయంలో పక్కపక్కన పెట్టి చదివించవచ్చు. మృతుల సంఖ్య, కారణం, బాధ్యత అనే మూడు అంశాలలో ఏ వాక్యం నిలిచింది, ఏది మారింది, ఏది సవరణ లేకుండా కనుమరుగైంది అని పట్టిక వేయించవచ్చు. వార్త అంటే ఆ పూటకు తెలిసినది మాత్రమేనన్న ఎరుక ఈ పట్టిక కలిగించినంతగా ఏ నిర్వచనమూ కలిగించదు. ఆ పత్రికల్లోనే 'పంజాగుట్ట', 'పంజగుట్ట' అనే రెండు రూపాలు ఎదురైతే, ఒక పత్రిక ఒక రూపానికి ఎందుకు కట్టుబడాలన్న చర్చ కూడా తెలుగు తరగతిదే.

2. వ్యాకరణంలోనే ఉన్న పత్రికారచన

ఈ బోధనకు కొత్త వాచకం అక్కరలేదు. పదోతరగతి వ్యాకరణంలో ప్రత్యక్ష, పరోక్ష కథనాలున్నాయి. కర్తరి, కర్మణి వాక్యాలున్నాయి. ఇవి ఒక వాక్యాన్ని మరో వాక్యంగా మార్చే యాంత్రికాభ్యాసాలుగా మిగిలిపోయాయి. నిజానికి పత్రికారచనకు ఇవే పునాదులు. ఇతరుల మాటను ఎక్కడ యథాతథంగా ఉంచాలి, ఎక్కడ రచయిత తన మాటల్లో చెప్పవచ్చు, అలా చెప్పినప్పుడు అర్థం ఎంత జరిగిపోతుంది అన్నది కథనభేదం నేర్పవలసిన విషయం.

'వచ్చాడు' అనడానికీ 'వచ్చాడట' అనడానికీ తేడా ఒక్క అక్షరం. ఆ అక్షరంతో వక్త తాను చూడలేదని ఒప్పుకుంటున్నాడు. పల్లెలో చదువురాని మనిషి కూడా పాటించే ఈ మర్యాదను పత్రికాభాష చాలా సందర్భాల్లో వదులుకున్నది. 'తెలిసింది', 'సమాచారం', 'తెలుస్తోంది' అన్న మాటలు వాక్యం చివర చేరి, ఎవరు చెప్పారన్నదానిని మరుగుపరుస్తాయి. 'చర్యలు తీసుకోబడతాయి' అన్న వాక్యాన్ని తెలుగు పండితులు శైలీదోషంగా ఎత్తిచూపి ఊరుకుంటారు. దానిలోని పెద్ద లోపం కర్త కనిపించకపోవడం: చర్యలు తీసుకోవలసినవారెవరో ఆ వాక్యం చెప్పదు. కర్తను వెతకడం విద్యార్థికి వ్యాకరణాభ్యాసం, విలేకరికి వృత్తి.

ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలనూ తలకిందుల పిరమిడ్‌నూ మాత్రమే బోధించే పద్ధతి ఈ కారణం వల్లనే చాలదు. ఊహించిన సంఘటనను కూడా ఆ ఆరు గదుల్లో చక్కగా నింపవచ్చు. ప్రతి జవాబు పక్కన 'ఇది ఎలా తెలిసింది?' అన్న ఏడో ప్రశ్న లేకపోతే, ఆ నమూనా అసత్యానికి మంచి ఆకృతినిచ్చే పనిముట్టవుతుంది.

3. పూర్వపక్షాలు

పత్రికారచన విశ్వవిద్యాలయ విషయమన్నది మొదటి ఆక్షేపణ. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పత్రికారచన శాఖ 1954లోనే ఏర్పడిన మాట వాస్తవం. వృత్తిశిక్షణ అక్కడే జరగాలి. అయితే పద్నాలుగేళ్ల పిల్లలు ఈనాడు ఫోనులో వచ్చిన సమాచారాన్ని చదివేవారిగా మాత్రమే లేరు. దాన్ని పదిమందికి పంపేవారుగా ఉన్నారు. ప్రచురించే శక్తి ముందే చేతికి వచ్చినప్పుడు, నిర్ధారించే క్రమశిక్షణను పట్టభద్రులయ్యేదాకా వాయిదా వేయడానికి హేతువు లేదు. కేరళ 2022లో పాఠశాల విద్యార్థులకు తప్పుడు వార్తలను గుర్తించే శిక్షణను సమాచార సాంకేతిక విభాగం ద్వారా చేపట్టింది. ప్రయత్నం అభినందనీయం. కానీ అబద్ధం నిలబడేది వాక్యంలో. వాక్యాన్ని విప్పి చూడగలిగినది భాషాతరగతి.

సాహిత్యానికి చోటు తగ్గుతుందన్నది రెండో ఆక్షేపణ. ఉన్న అభ్యాసాన్ని సరిదిద్దమనే తప్ప, పద్యాన్నో కథనో తొలగించమనే ప్రతిపాదన ఇక్కడ లేదు. పైగా తెలుగు వచనచరిత్రే ఈ ఆక్షేపణకు సమాధానం. 1874లో 'వివేకవర్ధని'ని స్థాపించిన కందుకూరి వీరేశలింగం, 1919లో 'తెలుగు' పత్రికను నడిపిన గిడుగు రామమూర్తి ఇద్దరూ ఉపాధ్యాయులే. 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించిన సురవరం ప్రతాపరెడ్డి, నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో సంచికను వెలువరించి జవాబిచ్చారు. ఒక ప్రకటనకు ఖండనతో కాక సేకరించిన ఆధారంతో సమాధానమిచ్చిన ఆ పద్ధతిని తెలుగు శాఖలు సాహిత్యచరిత్రలో భాగంగా బోధిస్తూనే ఉన్నాయి. అది పత్రికా సంపాదకుని పద్ధతి కూడా.

మూడోది మూల్యాంకనం. లక్షలమంది రాసే పరీక్షలో విద్యార్థి నిజంగా వీధికి వెళ్లాడా అని చూడలేమంటారు. క్షేత్రపరిశీలనను బడిలో జరిగే ప్రాజెక్టు పనికి కేటాయించవచ్చు. పబ్లిక్ పరీక్షలో ఒకే సంఘటనపై పరస్పరం పొసగని మూడు వాంగ్మూలాలు, ఒక అధికారిక ప్రకటన ఇచ్చి, వాటి ఆధారంగా వార్త రాయమనవచ్చు. తెలిసినది, ఒకరు చెప్పినది, ఇంకా తెలియనిది అని వేరుచేసినందుకు మార్కులు వేయవచ్చు. ఇలాంటి ప్రశ్నకు గైడు జవాబు ఇవ్వలేదు.

పిల్లల రక్షణ గురించిన సందేహం వీటన్నిటికంటె గౌరవింపదగినది. దానికి జవాబు కూడా పాఠంలోనే ఉండాలి. 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ బాధిత బాలల గుర్తింపును మీడియా వెల్లడించడాన్ని నిషేధిస్తుంది. ఎప్పుడు పేరు రాయకూడదో, ఎవరి అనుమతి తీసుకోవాలో తెలియడం ప్రశ్నించడం తెలియడానికి ముందు మెట్టు.

4. తెలుగు శాఖల బాధ్యత

పలు విశ్వవిద్యాలయాల ఎం.ఏ. తెలుగులో పత్రికారచన ఐచ్ఛికాంశంగా ఉన్నది. ఆ అంశం చదివినవారు ఉపాధ్యాయులై బడికి వెళ్లినప్పుడు అక్కడ ఎదురయ్యేది గైడులోని నమూనా లేఖ. ఈ రెండింటి మధ్య వంతెన వేసే పని తెలుగు శాఖలు చేపట్టలేదు. వాచకాల్లోని పత్రికాసంబంధ అభ్యాసాలను పరిశీలించిన పరిశోధనలు, విద్యార్థులు రాసిన లేఖల సేకరణ, ఉపాధ్యాయశిక్షణలో కథనభేదాన్ని పత్రికావాక్యాలతో బోధించే పద్ధతి ఈ శాఖల నుండి రావలసినవి. మీడియాలో భాష క్షీణించిందని సదస్సుల్లో విచారించడం సులభం. ఆ భాష రాసేవారికి ఊహించి ఆరోపించడం ఏ తరగతిలో అలవాటైందో విచారించడం కష్టం, అవసరం.

ప్రశ్నపత్రంలో ఒక్క మాట మార్చడంతో ఈ పని మొదలు కావచ్చు. సంపాదకునికి లేఖను ఊహించి రాయమనే బదులు కనుక్కొని రాయమనాలి. అప్పుడు జవాబుపత్రం దిద్దే ఉపాధ్యాయుడు కూడా లేఖలోని ప్రతి వాక్యం దగ్గర ఆగి, ఇది ఎలా తెలిసిందని అడగవలసి వస్తుంది. అందుకు ఆ ఉపాధ్యాయుని సిద్ధం చేసే బాధ్యతను మరో శాఖపై నెట్టే వీలు తెలుగు శాఖలకు లేదు.