చుక్కలు పోతే జబ్బు పోయినట్టేనా?

మనవాళ్ళకి ఆరంభశూరత్వం ఎక్కువ అంటారు. అది సెమిస్టర్ మొదటి వారం నోట్సుల్లోనే కాదు, ఇంట్లో అక్వేరియం దగ్గరా కనిపిస్తుంది. గోల్డ్ ఫిష్ ఒంటి మీద తెల్ల చుక్కలు రాగానే హడావిడిగా మందు పోస్తాం. చుక్కలు పోగానే ఆపేస్తాం. కొన్ని రోజులకి చేప పైకి తేలితే "గోల్డ్ ఫిష్ అంతే, బతకదు" అనేస్తాం. ఈ మాటతో నాకు పేచీ ఉంది. చాలాసార్లు ఆ చేపని చంపేది జబ్బు ఒక్కటే కాదు, మన తొందర కూడా.

ఉప్పు రవ్వలు చల్లినట్టు కనిపించే ఈ జబ్బుకి కారణం ఒక ఏకకణ పరాన్నజీవి. పేరు ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫిలిస్, వాడుకలో 'ఇక్'. భీమవరం వైపు మిత్రులకి 'వైట్ స్పాట్' అనగానే రొయ్యల చెరువులు గుర్తొస్తాయి. అది వైరస్. ఆ జబ్బు వేరు, ఇది వేరు. మల్టిఫిలిస్ అంటే బహుసంతానం గలది అని అర్థం. పేరుకి తగ్గట్టే ఉంటుంది దీని సంగతి.

మనకి కనిపించే చుక్క చేప చర్మం కింద దాక్కుని తింటూ ఉంటుంది. అక్కడికి మందు చేరదు. పెరిగాక చేపని వదిలేసి అడుగున గులకరాళ్ళకి అంటుకుంటుంది, చుట్టూ గూడు కట్టుకుని వందల పిల్లలుగా చీలుతుంది. ఆ గూటిలోకీ మందు వెళ్ళదు. పిల్లలు బయటికొచ్చి చేప కోసం ఈదే ఆ ఒకటి రెండు రోజులే మందు వాటిని పట్టుకోగలిగేది. అంటే చుక్కలు మాయమైన రోజు జబ్బు తగ్గిన రోజు కాదు, అది అడుగుకి దిగిన రోజు. ఎర్రర్ మెసేజ్ కనపడనంత మాత్రాన బగ్ పోయినట్టు కాదుగా!

ఇక్కడే చన్నీటి చేపల చిక్కు ఉంది. నీళ్ళు 25 డిగ్రీలుంటే ఈ చక్రమంతా వారం లోపే తిరుగుతుంది. 10 డిగ్రీలకి పడిపోతే నెల దాటుతుంది. కాబట్టి సీసా మీద 'మూడు రోజులు' అని ఉన్నా, చలికాలంలో మన లెక్క థర్మామీటర్‌ని బట్టి ఉండాలి. పోనీ హీటర్ పెట్టి 30కి లేపేద్దామా అంటే, నా ఓటు దానికి లేదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర 7.5 మాత్రమే. మొప్పల్లో పురుగు పెట్టుకున్న చేపకి అసలే ఊపిరి కష్టం.

మొన్న డిసెంబర్‌లో మా ఇంటి 60 లీటర్ల తొట్టిలో ఇదే జరిగింది. ఆరో రోజుకి చుక్కలు లేవు. "అక్కా, తగ్గిపోయిందిగా, ఇంకా ఎందుకు?" అన్నాడు తమ్ముడు. నేను ఒప్పుకోలేదు. చివరి చుక్క పోయాక ఇంకో రెండు వారాలు కొనసాగించాం. నాలుగింటిలో ఒకటి పోయింది, మూడు మిగిలాయి.

మేం వాడింది కల్లుప్పు. లీటరుకి 2 గ్రాముల చొప్పున 120 గ్రాములు, విడిగా కరిగించి రెండు రోజుల్లో కొద్దికొద్దిగా కలిపాం. రోజూ అడుగు మడ్డి పైపుతో లాగేశాం, గాలి పంపు ఆపలేదు. ఇక లెక్క మన సిలబస్‌లోని మాస్ బ్యాలెన్సే. 15 లీటర్లు తీసి కొత్త నీళ్ళు పోస్తే 30 గ్రాములే కలపాలి. ఆవిరైన నీటి బదులు పోసేదానికి అస్సలు కలపకూడదు, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. ఉప్పు బదులు మందు వాడేవాళ్ళు ఫిల్టర్‌లో కార్బన్ తీసెయ్యాలి, లేకపోతే మందంతా అదే పీల్చేస్తుంది. ఒకటి పనిచెయ్యట్లేదని మూడు మందులు కలిపి పొయ్యడం మాత్రం వైద్యం కాదు, జూదం.

"కొద్ది డబ్బుల చేపకి ఇంత తతంగమా? ఇంకోటి కొనుక్కుంటే పోలా?" అంటారు కొందరు. కొనండి. కానీ అవే నీళ్ళలో వేస్తే దానికీ అదే గతి. పైగా బాగా చూసుకుంటే పదేళ్ళకి పైగా బతికే ప్రాణి అది. దాన్ని గాజు గోడల మధ్య పెట్టింది మనం. చెరువులో చేపైతే ఈదుకుంటూ దూరం పోతుంది, తొట్టిలో చేప ఎక్కడికి పోతుంది?

అందుకే నా అభిప్రాయం ఇది. కొత్త చేపని కనీసం మూడు నాలుగు వారాలు వేరే టబ్‌లో ఉంచే ఓపిక, చుక్కలు పోయాక కూడా వైద్యం సాగించే ఓపిక, ఈ రెండూ ఉన్నవాళ్ళే చేపల్ని కొనాలి. లేనివాళ్ళకి గోడ మీద చేపల బొమ్మ చాలు.